తిమ్మిరి సూది

ఆధునిక మత్తుమందుల అభివృద్ధిలో ఒక పశువైద్యుడి పాత్ర గురించి మహాగ్రంథమే రాయాలి. కూర్చున్నాను కూడా. తీరా చూస్తే ఆ పశువైద్యుడు నేనే, ఆ పాత్ర ఒకే ఒక్క మాట. అంచేత ఒక పేజీ చాలు.

ఎనభైల మొదట్లో గాజువాక దగ్గర పశువుల ఆసుపత్రిలో కొత్తగా చేరాను. అప్పట్లో ఎటు చూసినా కట్టడాల పనులే. పశువులు గడ్డితోపాటు ఇనుప తీగముక్కలూ మేసేవి. ఒక ఉదయం ఒక ముసలావిడ గేదెను తోలుకొచ్చింది. వారంగా మేత లేదు, ఒకటే మూలుగు. పొలం పోయింది, భర్త పోయాడు. నాలుగిళ్ళకు పాలు పోసి బతికే ఆవిడకు మిగిలింది ఆ గేదె ఒక్కటే.

"తీగ మింగిందమ్మా. మత్తిచ్చి కడుపు కోయాలి," అన్నాను.

"మత్తా! ఓలమ్మో, మా ముసిలోడు మత్తులోనే పోనాడు బాబూ. దీనికీ అదే పోత్తావేటి?" అంటూ పలుపు లాక్కుంది.

కాలేజీలో ఈ ప్రశ్నకు జవాబు నేర్పలేదు. "మత్తు కాదమ్మా, తిమ్మిరి సూది. కూర్చుంటే కాలు తిమ్మిరెక్కదూ? అలా దీని డొక్క తిమ్మిరెక్కుతుంది. తెలివితోనే నిలబడుతుంది," అన్నాను. పలుపు వదిలింది. శాస్త్రానికి నా సేవ అంతటితో సరి.

బీరువాలో మందు సీసా ఒక్కటే ఉంది, అదీ సగం.

"సార్, ఇది పిల్లిక్కూడా సాలదండి," అన్నాడు అటెండరు.

సెలైన్ కలిపాను. నడుము పక్కన నరాలు బయటికొచ్చే చోట్లు వెతికి కొంచెం కొంచెంగా ఎక్కించాను. కాసేపు ఆగి కత్తి పెట్టాను. గేదె తోకైనా కదపలేదు. నా చేతిలో అంత బాగా పనిచేసినది అంతకుముందు ఏదీ లేదు.

"సూడు బాబూ, కోత్తన్నా కదల్లేదు! తగ్గిపోనాది!" ఆవిడ దాని నుదురు నిమురుతోంది.

అప్పటికి నా చెయ్యి భుజందాకా లోపలే ఉంది. తీగ వేలికి తగిలింది. కడుపు గోడ దాటి గుండెవైపు పోయింది. దారంతా చీము. లాగితే గేదె అక్కడే పడిపోతుంది, వదిలేస్తే రెండు రోజులు. మళ్ళీ తడిమాను, ఈసారి తీగ ఇంకోచోట ఉంటుందేమోనన్నట్టు. ఆ తర్వాత ఇంకోసారి.

కుట్లు వేస్తూ సంగతి చెప్పాను. ఏడుస్తుందనుకుని, ఓదార్పుగా ఏదో అనబోయాను. ఆవిడ ఏడవలేదు.

"అయితే బాబూ, దీనికి నొప్పి మళ్ళీ ఎప్పుడొత్తాది?"

ఆ మందు సుమారు గంటన్నర పనిచేస్తుంది.