వేలికి తెలియని వేడి

బుధవారం పొద్దున ఆయన షేవింగు చేసుకుంటుంటే కుడిచేతి చూపుడువేలి మీద బొబ్బ భార్య కంటపడింది. ఎప్పుడు కాలిందని అడిగింది. ఆయనకు తెలియదు. టంకం పెట్టేటప్పుడు తగిలి ఉంటుందన్నాడు. టంకం పని చేసి వారమైందని ఆమెకు తెలుసు, షాపులో కౌంటరు దగ్గర కూర్చునేది ఆమే. 

ఆయనది కంప్యూటర్లు బాగుచేసే షాపు. బస్టాండు వెనక సందులో జెరాక్సు సెంటరుకీ కళ్లజోళ్ల దుకాణానికీ నడుమ, రెండు బల్లలు పట్టేంత గది. సందులో అందరికీ ఆయన థర్మామీటరు బాబాయి.

డెస్క్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోతోందంటే చాలాసార్లు ప్రాసెసరు వేడెక్కుతున్నట్టే. దాని మీద అల్యూమినియం రేకుల దిమ్మ, ఆ దిమ్మ మీద ఫ్యాను ఉంటాయి. దిమ్మ వేడిని పీల్చుకోవాలి, ఫ్యాను దాన్ని బయటికి తోలాలి. ప్రాసెసరుకీ దిమ్మకీ మధ్య పూసే పేస్టు ఎండిపోతే వేడి పైకెక్కదు. ప్రాసెసరు ఎంత కాలుతోందో తెర మీద అంకె చెబుతుంది. ఆ వేడి ఎక్కడ ఇరుక్కుందో చెప్పదు. అది ఆయన వేలు చెప్పేది. అంకె తొంభై దాటినా దిమ్మ చల్లగా ఉంటే పేస్టు పోయినట్టు. దిమ్మ కూడా కాలుతుంటే తప్పు ఫ్యానుది, లేదంటే రేకుల్లో పేరుకున్న దుమ్ముది. కళ్లు మూసుకుని, రేకుల మొదట్లో వేలు ఆనించి, దిమ్మ తియ్యకుండానే రోగం చెప్పేసేవాడు. మా ఆవిడకి జ్వరంగా ఉంది, ఓసారొచ్చి వేలు పెట్టిపోరాదా అని కళ్లజోళ్లాయన ఏడిపించేవాడు.

ఆయనకు చాన్నాళ్లుగా షుగరుంది. రెండేళ్ల కిందట దారిలో చెప్పు ఊడిపోయినా తెలియక ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడు. రెండోది ఎవరికిచ్చి వచ్చారని భార్య పడీపడీ నవ్వింది. అరికాలికి గుచ్చుకున్న గాజుముక్క చూశాక నవ్వడం మానేసింది. పాదాల్లో నరాలు మొద్దుబారాయని, కొన్నాళ్లకు చేతుల్లోకీ రావచ్చని డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచి ఆమె రోజూ పాదాలు చూసేది. చేతులు చూడాలని తట్టలేదు. చేతులతో ఆయన రోజూ పని చేస్తూనే ఉన్నాడు కదా.

ఆ బుధవారం మధ్యాహ్నం, ఇంటి ప్లాన్లు గీసే అమ్మాయి తన కంప్యూటరును మూడోసారి మోసుకొచ్చింది. పెద్ద బొమ్మ తెరిచిన కాసేపటికల్లా అది ఆగిపోతోంది. మొదటిసారి ఆయన వేలు పెట్టి, దిమ్మ చల్లగా ఉంది కాబట్టి పేస్టు పోయిందని కొత్తది పూశాడు. రెండోసారీ అదే అన్నాడు, అదే చేశాడు. శుక్రవారానికి బొమ్మలు అందకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానని ఇల్లు కట్టించుకునేవాడు ఆమెకు చెప్పేశాడట.

"బాబాయ్, దీన్నిక్కడే కాపురం పెట్టించేద్దామా?" అంది, కంప్యూటరు బల్ల మీద దించుతూ.

ఆయన మూత తీసి ఆన్ చేశాడు. అంకె ఎక్కుతూ పోయింది. వేలు ఆనించాడు. చల్లగానే ఉందని, దిమ్మ సరిగా అతుక్కోవడం లేదని చెప్పి స్క్రూడ్రైవరు అందుకున్నాడు. అడ్డంగా ఉన్న వైరును తప్పించబోతే దిమ్మ తగిలి భార్య పాము కరిచినట్టు చెయ్యి లాక్కుంది.

"ఇదేంటండీ, ఇంతలా కాలిపోతుంటే చల్లగా ఉందంటారు?"

ఆయన మళ్లీ వేలు పెట్టాడు. ఎడమచేతి వేలు పెట్టాడు. ఒక్కోటీ పెట్టి చూస్తుంటే ఇక చాలని ఆమే ఆయన చెయ్యి పట్టి తీసేసింది. ఆ అమ్మాయి తలుపు వైపు చూస్తూ నిలబడింది.

ఫ్యాను తిరుగుతూనే ఉంది, కానీ వేడెక్కేకొద్దీ నీరసపడుతోంది. అది మార్చాక అంకె అరవై నాలుగు దగ్గర నిలిచింది. అన్నేళ్ల పనిలో అంతకంటే తేలికైన రిపేరు ఉండదు. అమ్మాయి వెళ్లేటప్పుడు వస్తానని మాత్రం అంది. ఏడిపించలేదు.

ఆమె వెళ్లాక భార్య, రేపట్నుంచి తాను పట్టుకు చూస్తానంది, మిగతాది ఆయన చెయ్యొచ్చంది.

"ఏం చెప్తావ్?" అన్నాడు.

"వేడిగా ఉందో లేదో."

"ఎంత వేడి?"

"కాఫీ గ్లాసంత."

"ఎప్పుడు పోసిన కాఫీ?"

 ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగాడు.

అయినా ఇద్దరూ కలిసి రెండు రోజులు లాగారు. ఆమె పట్టుకుని చూసేది, పోల్చడానికి మాట దొరక్క తడుముకునేది. శనివారం ఒక డాక్టరు గారి క్లినిక్ కంప్యూటరు బిగిస్తూ ఆయన చివరి స్క్రూ పెట్టాననుకున్నాడు. వేళ్ల మధ్య ఉందనుకున్న స్క్రూ లేదు. ఎప్పుడో జారి బోర్డు మీద పడింది. కరెంటిస్తే బోర్డు మాడిపోయేదే, ఇవ్వబోతుంటే ఆమె చూసి ఆపింది. పట్టకారుతో స్క్రూ తీసి ఆయన అరచేతిలో పెట్టింది. అరచేతికి కూడా దాని బరువు తెలియలేదని ఆమెతో చెప్పాడు. అప్పటిదాకా ఒకచోట నిలవని మనిషి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఆమె తమ్ముడికి సెల్‌ఫోన్ల వ్యాపారం ఉంది. కొత్త చోటు వెతుక్కుంటున్నాడు, ఈ షాపు తీసుకోమన్నారు. ఆదివారం వచ్చి బల్లలు కొలుచుకున్నాడు. ఒక బల్ల ఇక్కడే ఉంచుదాం బావా, నీకు బుద్ధి పుట్టినప్పుడు ఏదో ఒకటి చూసుకోవచ్చు అన్నాడు. ఆయన రెండూ తీసేయమన్నాడు. ఎందుకు బావా అని అడిగితే, బల్ల ఉంటే జనం తెచ్చి పెడతారు, కాదనలేను అన్నాడు.

మంగళవారానికి ఒక గోడ నిండా ఫోను కవర్లు వేలాడుతున్నాయి. భార్య కౌంటరులోనే ఉంది. ఆయన ఆమె పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పదకొండింటికి ఒకాయన సీపీయూ భుజాన వేసుకుని వచ్చి, బాబాయ్, ఆగాగిపోతోంది, ఓసారి వేలు పెట్టి చూడండి అన్నాడు.

"పోస్టాఫీసు దాటాక ఎడమపక్క మూడో షాపు," అన్నాడాయన. "ఫ్యాను ముందు చూడమని చెప్పు."