గుట్కా తింటే తల నిమ్మళమైతుండె

ఆ రోజు హాస్టల్‌ల టమాట పప్పు. రెండో ముద్దకే నోరంతా మండింది. పినపాక మిరప చేలల్ల పెరిగినదాన్ని, పచ్చిమిర్చి కొరుక్కుంట అన్నం తినేదాన్ని. నీళ్లు తాగినా మంట తగ్గలే. ఆవలిస్తే నోరు సగంలనే ఆగింది. ఎందుకో నాకు తెలుసు. అందుకే పది రోజులు ఎవరికీ చెప్పలే.

అప్పుడు నాకు పదహారేండ్లు, ఖమ్మంల ఇంటర్ ఫస్టియర్. అంతకు ఏడాదిన్నర ముందు, మిరపకాయలు ఏరనీకి పోయినప్పుడు పక్క వరుస సాలుల ఏరుతున్న ఆమె నా చేతిల చిటికెడు గుట్కా పెట్టింది. "ఊకె లేచి తిరుగుతున్నవ్ పిల్లా, ఇది దవడకు పెట్టుకో, పని సాగుతది" అన్నది. నేను ఎన్నడూ ఒక్క సాలు పూర్తిగ ఏరినదాన్ని కాదు. ఆ రోజు మూడు సాళ్లు ఏరిన. తలల ఒక్కసారే మోగే పది ముచ్చట్లు ఆగిపోయినయ్. హాస్టల్‌కు వచ్చేసరికి రోజుకు ఆరేడు పొట్లాలైనయ్.

నన్ను చూడనీకి వచ్చిన అమ్మ, ఇడ్లీని చిన్న చిన్న ముక్కలు చేసి తింటుంటే అనుమానపడి పంటి డాక్టర్ దగ్గరికి తీసుకపోయింది. ఆయన "నీ మూడు వేళ్లు నిలువుగ నోట్లో పెట్టు" అన్నడు. రెండే పట్టినయ్.

"ఎన్నాళ్ల నుంచి తింటున్నవ్?"

"ఏంది సార్, ఏం తినుడు?" అన్నది అమ్మ.

"ఏడాదిన్నర" అన్న నేను.

"సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ ఇది. బుగ్గ లోపల బిగుసుకపోతున్నది. తెల్ల మచ్చ కూడ ఉన్నది, చిన్న ముక్క కోసి బయాప్సీ పరీక్ష చెయ్యాలె."

"క్యాన్సరా సార్?"

"రిపోర్ట్ వచ్చేదాక ఏం చెప్పలేనమ్మా."

ఆ వారం అమ్మ నన్ను కొట్టలే, తిట్టలే. అదే ఎక్కువ భయమైంది. మానేస్తనని ఒట్టు పెట్టుకున్న. రెండో రోజే, ముక్క కోసిన కుట్టు మానని బుగ్గలనే మళ్ల గుట్కా పెట్టుకున్న. మండుతుంటే ఏడ్సుకుంట నమిలిన.

రిపోర్ట్‌ల క్యాన్సర్ లేదు. కానీ నేను మళ్ల తిన్నట్టు డాక్టర్ బుగ్గ చూసి కనిపెట్టిండు. "నా ఒక్కడి వైద్యం సరిపోదు" అని సైకియాట్రిస్ట్ మేడంకు చీటీ రాసిచ్చిండు.

ఆమె ఎందుకు తిన్నవని గద్దించలే. "తింటే నీకు ఏమైతది?" అని అడిగింది.

"తల నిమ్మళమైతది మేడం."

ఆమె రాసుడు ఆపింది. నా చిన్నతనం గురించి అమ్మను చాలాసేపు అడిగింది. ఇంకోసారి పిలిచి ప్రశ్నల కాగితాలు నింపించింది. చివరికి చెప్పింది: "ఏడీహెచ్‌డీ. ధ్యాస ఒక్కదాని మీద నిలవదు, ఒళ్లు కుదురుగ ఉండదు. బద్ధకం కాదు, పొగరు కాదు. ఇది ఉన్నోళ్లందరు మత్తుకు పోరు. కానీ ఎవరూ గుర్తించకపోతే కొందరు పిల్లలు తల నిలుపుకోనీకి దొరికినదాన్ని పట్టుకుంటరు. రెండింటికీ కలిపి వైద్యం చెయ్యాలె."

రోజూ గోలీలు, వారం వారం కౌన్సెలింగ్, నోటికి ఇంజెక్షన్లు. నెలన్నరకు మొదటిసారి క్లాసుల గంటసేపు కదలకుండ కూసున్న.

సెలవులకు ఇంటికి పోతే నాన్న ఆ గోలీలు చూసిండు. "పిచ్చిదని ఊళ్లె పేరు పడితే ఎట్ల?" అని తీసి దాచిండు. నాకూ తగ్గిందే అనిపించి ఊకున్న. మూడు వారాలు దాటినంక ఓ పొద్దున కిరాణం కొట్టు ముందు నిలబడి ఉన్న. ఆ దినం రెండు పొట్లాలు తిన్న. సాయంత్రం ఇంట్ల నేనే చెప్పిన: "గోలీలు ఇయ్యండి. లేకుంటే నేను ఆగలేను."

అమ్మ నాన్న దిక్కు తిరిగి, "బిడ్డ నోరు మొత్తం మూసుకపోతే నువ్వు తెరుస్తవా?" అన్నది. తెల్లారి ముగ్గురం ఖమ్మం బస్సెక్కినం.

మేడం ముందు నాన్న తల వంచుకొని, "చిన్నప్పుడు నేను గూడ గిట్లనే ఉంటి. బడి గోడ దుంకి పోతుంటి" అన్నడు. ఆమె, "కొన్ని ఇండ్లల్ల ఇది పెద్దల నుంచి పిల్లలకు వస్తది. మళ్ల తిన్నదని కోపం చెయ్యకుండ్రి. తనే వచ్చి చెప్పింది గదా" అన్నది.

ఇప్పుడు నాకు పందొమ్మిది. మణుగూరుల డిగ్రీ చదువుతున్న. మధ్యల ఇంకొన్నిసార్లు జారిన గని, ఇప్పుడు గుట్కా ముట్టక పద్నాలుగు నెలలు. నోరు పూర్తిగ తెరుచుకోదు, జామకాయ కొరకలేను, ఆర్నెల్లకోసారి చూపించుకోవాలె. నాన్నకు గూడ ఖైనీ పొగాకు అలవాటు, తగ్గించిండు గని మానలే.

మీ ఇంట్ల పిల్లలు ఏ మత్తుకైనా అలవాటు పడితే, డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు కూడ పట్టుకపోండ్రి. ఏడీహెచ్‌డీ ఉన్నదేమో చూడమని మీరే అడగండ్రి. నా ఐదో తరగతి కార్డు మీద టీచర్ ఎర్ర పెన్నుతో రాసింది: "తెలివి ఉంది, కుదురు లేదు." ఆ కార్డు ఇన్నేండ్లు మా ఇనుప పెట్టెల, రేషన్ కార్డు కిందనే ఉన్నది.