ఓవర్‌కోటు విప్పిన డిటెక్టివ్

నేను పుట్టు అనుమానస్తుణ్ణి. పాలు పలచగా ఉన్నాయని పాలవాడి వెనకే నాలుగు వీధులు నడిచి, దారిలో ఎక్కడెక్కడ కుళాయిలున్నాయో చూసొచ్చినవాణ్ణి. చోడవరంలో సోషల్ మాస్టారుగా ఇరవయ్యేళ్లు చేశాక ఆ రోగం ముదిరింది. కాపీ కొట్టినవాణ్ణి పట్టడానికి నా దగ్గర ఒకటే సూత్రం ఉంది. "కొట్టావా?" అని అడగకూడదు. "నీ పేపరు చూశాను" అని ఊరుకోవాలి. ఏ పాపం తెలియనివాడు "ఎన్ని మార్కులు సార్?" అంటాడు. చేసినవాడు "ఎవరు చెప్పేరు సార్?" అంటాడు.

మా అమ్మాయి విశాఖలో ఉద్యోగంలో చేరినప్పుడు కూడా హాస్టలు ఆవిడకి నెలకి రెండుసార్లు ఫోన్ చేసి, ఎన్నింటికి వస్తోంది, ఎవరితో వస్తోంది అని ఆరా తీసేవాణ్ణి. ఆ సంగతి అమ్మాయికి తెలిసి మూడు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు.

నా పాత శిష్యుడొకడు సినిమా తీస్తానంటూ వచ్చాడు. వాళ్లది కె.కోటపాడు, విశాఖలో స్థిరపడ్డారు. చేతిలో నాలుగు పాత డిటెక్టివ్ పాకెట్ బుక్కులున్నాయి, వాటి హక్కులు కొన్నాడట. హీరో మద్రాసులో ఒంటిగది ఆఫీసు పెట్టుకున్న ప్రైవేటు డిటెక్టివ్. ఓవర్‌కోటు, టోపీ, నోట్లో సిగరెట్టు, సొరుగులో విస్కీ సీసా. ఎవర్నీ నమ్మడు. చావుదెబ్బలు తింటాడుగానీ లొంగడు. చివరి పేజీల్లో అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి అసలు సంగతి మొహమ్మీద కొట్టినట్టు చెబుతాడు.

"ఈయన్ని ఇప్పటి కాలానికి, మనూరికి తెద్దాం మాస్టారూ. మాటలు మీరు రాయాలి," అన్నాడు.

నా మీద గౌరవంతో అడుగుతున్నాడా, ఇంకెవరూ దొరక్క అడుగుతున్నాడా అని ముందు అనుమానించి, తర్వాత ఒప్పుకున్నాను.

మొదట ఓవర్‌కోటు విప్పించాను. మే నెలలో చోడవరం బస్సు కాంప్లెక్సు దగ్గర ఓవర్‌కోటుతో నిలబడ్డవాణ్ణి చూసి జనం 108కి ఫోన్ చేస్తారు. సిగరెట్టు, విస్కీ కూడా పోయాయి. చివరికి ఉద్యోగం దగ్గర ఆగిపోయాం. ఎవరింట్లో ఏ కూర వండారో వీధి చివరిదాకా తెలిసే ఊళ్లో డిటెక్టివ్‌కి పనేముంటుంది? రెండు రోజులు ఆలోచించాక తట్టింది. మాకు అతనెప్పట్నుంచో ఉన్నాడు. సంబంధం కుదుర్చుకునే ముందు, అవతలి ఊరికి గుట్టుగా వెళ్లి, టీ కొట్లో కూర్చుని, కుర్రాడి గుణగణాలు కూపీ లాగి వచ్చే పెద్దమనిషి. మా డిటెక్టివ్ ఆయనే!

ఎలా అడుగుతారో, ఎలా చెబుతారో చెవులారా వినాలని ఒక శనివారం ఉదయం బండేసుకుని రావికమతం వైపు వెళ్లాను. ఒక ఊళ్లో టీ కొట్టు ముందు ఆగాను. ఎదురుగా ఆకుపచ్చ గేటు మేడ, వరండాలో కవరు కప్పిన మోటారు సైకిలు ఉన్నాయి. ఏదో ఒక ఇల్లు కావాలి కదా అని దాన్నే చూపించి, "ఆ ఇంట్లో పెళ్లికెదిగిన కుర్రాడున్నాడట కదా?" అని గాల్లో రాయి వేశాను.

టీ కొట్టాయన నన్ను నఖశిఖపర్యంతం చూశాడు. "ఉన్నాడు బాబూ. గుంటడు బంగారం. ఫార్మా కంపెనీలో సేస్తన్నాడు. ఆటోలో రోడ్డు దాకా ఎల్లి కంపెనీ బస్సెక్కుతాడు."

"బండుందిగా?"

"ఉంది గానీ నడపడు," అని గ్లాసులు కడగడంలో పడ్డాడు.

ఈ చుట్టుపక్కల పదహారేళ్లవాడు కూడా బండి దిగడు. ఉద్యోగం ఉన్నవాడు, ఇంట్లో బండి ఉన్నవాడు ఆటో ఎక్కుతున్నాడు! నాలోని అనుమానప్పక్షి రెక్కలు విదిల్చింది.

ఇంతలో మేడలోంచి కుర్రాడి తండ్రి వచ్చి, చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. నేను అమ్మాయి తరఫున ఎంక్వైరీకి వచ్చానని ఊరికి అప్పుడే తెలిసిపోయింది. "అయ్యా, నేను సినిమా రాయడానికి వచ్చాను," అని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఆయన, "అలాగేలెండి," అని కన్నుగీటాడు. నాటుకోడి కూర వండించాడు. నాకు సిగ్గేసింది, కానీ తిన్నాను.

చేతులు కడుక్కుంటూ, ఊరికే, "మీవాడు బండి నడపడట కదా?" అన్నాను.

ఆయన మొహం మారిపోయింది. "ఎవులు సెప్పేరు మీకు?"

నా సూత్రం గుర్తొచ్చింది. పక్కనే అలమరలో దేవుడి పటం వెనక మాత్రల స్ట్రిప్పు ఒకటి కనిపించింది. ఆ మాత్ర నాకు బాగా తెలుసు. మా బడిలో ఒక పిల్లకి రోజూ మధ్యాహ్నం గుర్తుచేసి నేనే వేయించేవాణ్ణి. ఫిట్స్‌కి వాడతారు. ఫిట్స్ వచ్చేవాళ్లని డాక్టర్లు బండి నడపనివ్వరు.

కుర్రాడు నన్ను రోడ్డు దాకా సాగనంపాడు. నెమ్మదస్తుడు. నా బండికి స్టాండు తీసి ఇచ్చి, "జాగ్రత్తగా ఎల్లండి మాస్టారూ," అన్నాడు. నేను కూపీ లాగింది ఇతని గురించా అని మనసు చివుక్కుమంది.

సోమవారం తండ్రి ఫోన్ చేశాడు. నా నంబరు భోజనం దగ్గరే తీసుకున్నాడు. వాళ్లకి వడ్డాదిలో సంబంధం దాదాపు ఖాయమైందట. అమ్మాయి తండ్రి మాత్రం ఎంక్వైరీ కబురు విని, మేమెవర్నీ పంపలేదే, అంటే మీరు ఇంకో సంబంధం కూడా చూస్తున్నారా అని నిలదీశాడట. "ఇప్పటికి రెండు తప్పిపోనాయి బాబూ. ఇదీ పోతే గుంటడు ఇంక పెళ్లి మాటెత్తొద్దన్నాడు. మీరు ఎల్లి సెప్పండి, మీకు దండం పెడతాను," అన్నాడు.

నా సరదాకి ఎవరి పెళ్లో చెడుతోంది. సాయంత్రం బడి అవ్వగానే వడ్డాది వెళ్లాను.

అమ్మాయి తండ్రి చెరుకు రైతు. నేను సినిమా సంగతి చెబుతుంటే, అబద్ధం అతుకు ఎక్కడ ఊడుతుందా అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. నాకంటే అనుమానస్తుణ్ణి అదే మొదటిసారి చూడ్డం. అంతా విని, "సరే, సినిమాయే అనుకుందారి. ఎల్లేరు, సూసేరు, తిన్నారు. గుంటడి గురించి ఏటి తేలింది?" అన్నాడు.

చెబితే పెళ్లి ఆగిపోతుంది. చెప్పకపోతే నేనొక ఆడపిల్లని మోసం చేసినట్టు. అంతలో చెరుకు ట్రాక్టరు వచ్చిందని ఎవరో పిలిస్తే ఆయన బయటికి వెళ్లాడు. అమ్మాయి మజ్జిగ తెచ్చి ఇచ్చి, వీధి గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"బండి సంగతేనా మాస్టారూ?"

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను.

"నాకు తెలుసు. ఫోన్లో మాటాడిన మొదటి రోజే తనే సెప్పేడు. నాలుగేళ్లయింది, మళ్లీ రాలేదు. డాక్టరు దగ్గరికి కూడా కలిసే ఎల్లేం."

"మీ నాన్నగారికి?"

"ముహూర్తం పెట్టకముందే నేనే సెప్తాను. మీరు సెప్తే అది ఎంక్వైరీలో బయటపడ్డ తప్పవుద్ది. నేను సెప్తే నా మాటవుద్ది. నాకో వారం టైమివ్వండి సాలు."

మా పాత డిటెక్టివ్‌కి ఈ కష్టం ఎప్పుడూ రాలేదు. ఆయన కాలంలో రహస్యం ఆయన ఒక్కడికే తెలిసేది. నేను గొప్పగా పట్టిన రహస్యం, తెలియవలసిన మనిషికి నాకంటే ముందే ఫోన్లో తెలిసిపోయింది.

తండ్రి తిరిగొచ్చి, నా ఎదురుగా కుర్చీ జరుపుకున్నాడు. "ఇంకేటీ అడగను మాస్టారూ. మీకూ ఆడగుంట ఉందన్నారు కదా. మీ గుంటనైతే ఆ ఇంటికి ఇత్తురేటి?"

ఈ ప్రశ్న దగ్గర అబద్ధమాడిన మనిషిని మా వైపు క్షమించరు. నాకు మాత్రల స్ట్రిప్పు గుర్తొచ్చింది. స్టాండు తీసిచ్చిన చెయ్యి గుర్తొచ్చింది. మొదటి రోజే నిజం చెప్పినవాడు నాకు అల్లుడుగా దొరుకుతాడా అనిపించింది.

"ఇస్తాను," అన్నాను. నోట్లోంచి వచ్చాకే అది నిజమని నాకు తెలిసింది.

వారం తర్వాత ఆ అమ్మాయి తండ్రికి చెప్పింది. ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదట. మూడో రోజు ఆ డాక్టరు దగ్గరికి తనే వెళ్లి కూర్చున్నాడట. ఏం విన్నాడో గానీ, వచ్చి ముహూర్తం పెట్టించాడు.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ సోమవారం సంగతి. వడ్డాది దాటాక చెరుకు తోటల పక్కన బండి ఆపి, మా అమ్మాయికి ఫోన్ చేశాను. ఎందుకో దాని గొంతు వినాలనిపించింది.

"ఏంటి నాన్నా, ఈ టైములో?"

"ఏం లేదమ్మా. నీతో మాట్లాడాలనిపించింది."

అవతల తలుపు దగ్గరగా వేసిన చప్పుడు వినిపించింది. తర్వాత అమ్మాయి మెల్లగా అడిగింది.

"ఎవరు చెప్పేరు నాన్నా?"

ఇరవయ్యేళ్ల సూత్రం నా చెవిలో గంట కొట్టింది. ఒక్క మాట చాలు, "అంతా తెలిసింది" అంటే చాలు, మొత్తం బయటికొచ్చేస్తుంది. నా చేతికింద ఎంతమంది అలా ఒప్పుకోలేదు! భయమేసింది. కోపం కూడా వచ్చింది. ట్రాక్టరు ఒకటి పక్కనుంచి వెళ్లేదాకా ఆగాను.

"నాకెవరూ ఏమీ చెప్పలేదమ్మా. నువ్వు చెప్పాలనుకున్నప్పుడు వింటాను," అన్నాను.

ఈ ఫోన్ సీనే మా సినిమాకి చివరి సీనుగా రాసిచ్చాను. నా శిష్యుడు చదివి తల గోక్కున్నాడు. "క్లూ దొరికాక డిటెక్టివ్ వదిలేస్తాడేంటి మాస్టారూ? అసలా కూతురు దాస్తున్నదేంటి?"

"నాకూ తెలీదురా."

"మీరే కదా రాశారు!"

ఈ ఆదివారం వస్తానని అమ్మాయి వాళ్లమ్మకి ఫోన్ చేసింది. ఒక్కర్తే వస్తానందో, ఎవరితోనైనా వస్తానందో మా ఆవిడ చెప్పలేదు. నేను అడగలేదు. మూడు రోజులుగా వరండాలో కుర్చీ వేసుకుని, అడక్కుండా కూర్చోవడం అలవాటు చేసుకుంటున్నాను.