పడమటి వాలు మీద వాన

ఆమెని ఊళ్లో అందరూ చుక్కలత్త అంటారు. పిల్లలేమిటి, పెద్దలేమిటి, కోపం వచ్చినప్పుడు ఆమె మొగుడు కూడా అలాగే పిలుస్తాడు. పంతొమ్మిదేళ్లుగా ఒక్క రోజు తప్పకుండా వాన చుక్కలు కొలిచిన మనిషి ఆమె. జ్వరం వచ్చిన రోజున కొలిచింది. కూతురి పెళ్లినాడు కొత్త బట్టల్లోనే వంగి కొలిచింది. వాన పడని రోజుల్లో కూడా వెళ్లి, సీసా బోర్లించి చూసి, పుస్తకంలో సున్నా రాసింది. "లేని వానని కూడా చూసి రావాలా?" అని మొగుడు ఎగతాళి చేస్తే, "చూడకుండా లేదని ఎలా చెప్పనయ్యా?" అనేది.

ఆమె ఉద్యోగం రోడ్ల శాఖ ఆఫీసులో అటెండరు. మూడు గదులు, ఒక ఇనప బీరువా, కాలు కింద మడిచిన కాగితం పెడితే తప్ప నిలబడని బల్ల, అదీ ఆ ఆఫీసు. పొద్దున్నే తాళం తీసి ఊడవడం, టీ కాచడం, ఫైళ్లు ఈ గది నుంచి ఆ గదికి మోయడం ఆమె పని. దాంతోపాటు ఆవరణలో కంచె కట్టిన చోట వాన కొలిచే గేజి ఒకటుంది. పైన ఇత్తడి అంచున్న గరాటు, లోపల సీసా, విడిగా గీతలున్న గాజు కొలపాత్ర. సరిగ్గా ఎనిమిదింటికి సీసాలో నీళ్లు కొలపాత్రలో పోసి, కన్ను నీటిమట్టానికి తిన్నగా వచ్చేలా వంగి చదవాలి. గాజుని ఆనుకున్న చోట నీళ్లు కాస్త పైకి ఎగబాకి ఉంటాయి. దాన్ని చూసి మోసపోకుండా నడుమ పల్లంలో ఉన్న గీతే రాయాలి. నిజానికి అది పెద్ద గుమాస్తా చేయాల్సిన పని. ఆయన మోకాళ్లు వంగవని ఆమె నెత్తిన పడింది. మోకాళ్ల మాట ఎలా ఉన్నా, కడుపులో చల్ల కదలకుండా కూర్చోవడం ఆయనకి బాగా అలవాటు.

ఆఫీసు కొండకి తూర్పు వైపు. ఆమె ఇల్లు పడమటి వైపు. మధ్యలో కనుమ. రోజూ ఆరున్నరకి బయల్దేరి, మెట్లుమెట్లుగా చదును చేసిన చేల గట్ల మీదుగా పైకెక్కి, కనుమ దాటి, అటు దిగేది. వానాకాలంలో కనుమ చేరేసరికి తడిసి ముద్దయ్యేది. దాటిన పది నిమిషాలకి గొడుగు ముడిచేది. ఆఫీసు తాళం తీసేసరికి చీర కుచ్చిళ్లు ఆరిపోయేవి. మైదానం మీది తేమంతా మూటగట్టుకుని వచ్చే గాలికి పడమటి వాలు అడ్డం తగులుతుంది. పైకెక్కక తప్పదు. ఎక్కేకొద్దీ చల్లబడి, మోయలేక, మూట అక్కడే దించేస్తుంది. కనుమ దాటి తూర్పుకి పోయేది వట్టి చేతుల గాలి. అందుకే పడమట ఇళ్లకి నిటారుగా జారే కప్పులు, గోడలకి వేలెడు మందాన నాచు. తూర్పున చదునైన డాబాలు, వాటి మీద ఎండబెట్టిన బట్టలు, పెరట్లో ముళ్ల పొదలు. కొండ ఒక్కటే, వానలు రెండు రకాలు. ఈ సంగతి అక్కడి మేకలకి కూడా తెలుసు. తెలియనిది ఆఫీసు కాగితాలకే.

ఉద్యోగంలో చేరిన మొదటి వానాకాలం, ఒక సాయంత్రం మొగుడు చేలోంచి వచ్చి అరుగు మీద నిలబడి చొక్కా పిండుకుంటున్నాడు.

"పొద్దున ఎంత రాశావే?" అని అడిగాడు.

"రెండు మిల్లీమీటర్లు."

పిండిన చొక్కాని ఆమె ముందు దులిపాడు. "అయితే నిన్నా ఇవాళా ఇలా పిండుకుంటున్నదేంటి, చెమటా? మీ పుస్తకంలో మనవైపు వాన పడదేంటే?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు కానీ ఆమె ఊరుకోలేదు. ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది. ఆ నెలలోనే అప్పటి పాత ఆఫీసరు రిటైరవుతుంటే, సొట్టపడిందని స్టోరులో పడేసిన గేజి ఇప్పించమని అడిగింది. "తీసుకెళ్లమ్మా, దానికి అందం లేదు గానీ కొలత మాత్రం సరిగ్గానే చెప్తుంది" అన్నాడాయన. అంచు పగిలిన కొలపాత్ర కూడా ఇచ్చాడు. చెట్ల నీడా గోడల చాటూ లేని చేలో దాన్ని పాతింది. రోజూ ఆరింటికి ఇంటి వాన, ఎనిమిదింటికి ఆఫీసు వాన. ఆఫీసుది రిజిస్టరులో, ఇంటిది నోటు పుస్తకంలో.

నోటు పుస్తకంలో మూడు గడులు గీసింది. తేదీ, వాన, వరద మట్టికి వాగు ఎర్రబడిన వేళ. ఆ మూడోది ఎందుకు గీసిందో మొదట్లో ఆమెకే తెలియదు. ఊరి పక్క నుంచే పోయే వాగు కాబట్టి, కళ్లబడింది కాబట్టి రాసింది, తను ఆఫీసులో ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లు చూసి చెప్పింది రాసింది, అంతే. మొదటి పుస్తకాల్లో పొద్దున మొదలైన వానకి సాయంత్రానికి గానీ ఎర్రబడని వాగు, పదో పుస్తకానికి వచ్చేసరికి గంటలోపే ఎర్రబడుతోంది. ఈ నడుమ పైన అడవి కొట్టేసి ఆలుగడ్డలు వేశారు. ఆకుల మీదా వేళ్లలోనూ ఆగి ఆగి దిగే నీళ్లు ఇప్పుడు ఆగడం మానేశాయి. పైగా తవ్వడానికి సులువని సాళ్లన్నీ వాలు వెంబడి నిలువుగా తీశారు. అందులో నాలుగు మళ్లు ఆమె మొగుడివే. ఆ సంగతి ఎత్తితే ఆయనకి ఉన్నట్టుండి మేకలు గుర్తొచ్చేవి.

ఇలా ఉండగా ఆఫీసుకి కొత్త ఇంజనీరమ్మ వచ్చింది. ముప్ఫై ఏళ్లుండవు. చురుకైన మనిషి, తప్పుడు లెక్క కనబడితే ఒంటికాలి మీద లేస్తుంది. కనుమ మీదుగా పడమటి వాలుకి పెద్ద రోడ్డు వేయడం ఆమెకి అప్పగించిన పని. ఆ రోడ్డు వాగుని దాటాలి.

ఒకరోజు చుక్కలత్త టీ పట్టుకెళ్లేసరికి బల్ల మీద డ్రాయింగు పరిచి ఉంది. వాగు దాటే చోట ఎత్తైన మట్టికట్ట, కట్ట కింద రెండు సిమెంటు గొట్టాలు, ఒక్కోటి మీటరు వెడల్పు. పక్కన రిజిస్టరు తెరిచి ఉంది. అందులో అంకెలన్నీ తన చేతిరాతే.

ఆమె టీ పట్టుకునే వంగి మళ్లీ చూసింది. ఆ అంకెల్లో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ అవి తూర్పు వాన అంకెలు. వాటిని పట్టుకుని పడమటి వాగుకి గొట్టాలు లెక్కగట్టారు. కొట్టుకొచ్చిన మొద్దు ఒక్కటి అడ్డం పడితే చాలు, నీళ్లు కట్ట వెనక చెరువులా నిలుస్తాయి. మట్టికట్ట ఎంతసేపు ఆగుతుంది? దాని కింద పదమూడు ఇళ్లున్నాయి. నాలుగోది కూతురిది, ఏడోది తనది.

"అమ్మా, ఆ గొట్టాలు చాలవు" అంది.

ఇంజనీరమ్మ తలెత్తింది. "ఎవరన్నారు?"

"నేనే అంటున్నా. ఈ లెక్కలు రాసింది నేనే. ఇది ఈ పక్క వాన. వాగేమో ఆ పక్కది."

"టీ ఇచ్చి వెళ్లవమ్మా" అని పెద్ద గుమాస్తా నవ్వాడు. "నువ్వు కూడా డ్రాయింగులు దిద్దేదానివైపోయావా?"

మర్నాడు ఆమె పదకొండు నోటు పుస్తకాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి కనుమ దాటించి తెచ్చి, ఆ డ్రాయింగు మీదే పెట్టింది. ఇంజనీరమ్మ చాలాసేపు పేజీలు తిప్పింది. మూడో గడి దగ్గర వేలు ఆగింది. కానీ చివరికి పుస్తకం మూసేసింది.

"ఇది ఇంటి గేజి. సొట్ట ఉంది. పైగా మీరు ఆరింటికి కొలిచారు, ఇక్కడేమో ఎనిమిదింటికి. పైవాళ్లు ఒప్పుకోరు."

"రెండు గంటల తేడాకి వాన మూడింతలవుతుందా అమ్మా?"

ఇంజనీరమ్మ మూసిన పుస్తకం మళ్లీ తెరిచింది. తర్వాత పెన్ను కింద పెట్టి, "స్టోరులో సీలు తీయని గేజి ఉంది. దాన్ని మీ చేలో పెడతాను, తాళం నా దగ్గరే ఉంటుంది. రెండువైపులా ఒకే రోజు ఎనిమిదింటికి కొలుద్దాం. కానీ పదో రోజున నేను ఈ డ్రాయింగు మీద సంతకం పెట్టి పంపాలి. ఆలోపు వాన పడకపోతే నేనేం చెయ్యలేను" అంది.

"పడుతుందమ్మా" అంది చుక్కలత్త, ఆకాశంతో ముందే మాట్లాడి పెట్టుకున్నట్టు.

ఆకాశం మాట నిలబెట్టుకోలేదు. నడి వానాకాలంలో కళ్లు చెదిరే ఎండ కాసింది. ఒకటి, రెండు, మూడు రోజులు ఒక్క చినుకు లేదు. అయిదో రోజున లారీ వచ్చి వాగు ఒడ్డున గొట్టాలు దించిపోయింది. అవి కనబడినప్పుడల్లా ఆమెకి అన్నం సయించేది కాదు. "పంతొమ్మిదేళ్లు వదలకుండా కొలిచావు, వానకి సిగ్గేసి మొహం చాటేసింది" అన్నాడు మొగుడు, నవ్విద్దామని. ఆమె నవ్వలేదు. ఎనిమిది సున్నాలు రాసింది. అంత భయంతో సున్నా రాయడం ఆమెకి అదే మొదటిసారి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆఫీసులో టీ కప్పులు కడుగుతూ కిటికీలోంచి కనుమ వైపు చూసింది. కొండ నెత్తిన తెల్లటి అంచు కనబడింది, పాలు పొంగబోయే ముందు గిన్నె అంచు దగ్గర కనబడినట్టు. చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది.

"రేపు పొద్దున మా ఇంటికి రండమ్మా. గొడుగు తెచ్చుకోండి."

ఇంజనీరమ్మ బయటికి చూసింది. తూర్పున ఎండ ఫెళ్లున కాస్తోంది. "గొడుగెందుకు?"

"కనుమ దాటాక తెలుస్తుంది."

తెలిసింది. మర్నాడు ఎనిమిదింటికి ఇంకా పావుగంట ఉందనగా, తిరగబడిన గొడుగుతో, జుట్టులోంచి నీళ్లు కారుతుండగా ఇంజనీరమ్మ చేలోకి దిగింది. చెప్పు ఒకటి గట్టు బురదలో ఇరుక్కుపోయింది. చుక్కలత్త కూతురు దాన్ని పీకి తెచ్చి ఇచ్చింది. చుట్టూ ఊరు ఊరంతా నిలబడి ఉంది.

తాళం తీశారు. ఇంజనీరమ్మ తానే వంగి, సీసాలో నీళ్లు కొలపాత్రలో పోసింది. ఇరవై మిల్లీమీటర్ల పాత్ర అది. నిండింది.

"ఒకటి" అన్నాడు చుక్కలత్త మొగుడు.

పారబోసి మళ్లీ పోసింది. రెండు. మూడు. నాలుగో పాత్రకి జనమంతా కలిసి లెక్కపెట్టడం మొదలెట్టారు. అయిదు నిండాక ఆరోదాంట్లో నీళ్లు పద్దెనిమిది దగ్గర ఆగాయి. నూట పద్దెనిమిది. ఇంజనీరమ్మ పక్కనున్న సొట్ట గేజి తీసి కొలిచింది. నూట పదిహేడు.

అప్పుడు ఫోను తీసి ఆఫీసుకి చేసింది. తూర్పు గేజి కొలిచే బాధ్యత ఆ రోజుకి పెద్ద గుమాస్తాది. "ఆరు మిల్లీమీటర్లండి. రెండుసార్లు చూశాను. లేవలేకపోతున్నాను, ఎవరినైనా పంపండి" అని ఫోనులోంచి వినబడింది.

ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయారు. ఇంజనీరమ్మ నవ్వుతూనే వాగు వైపు చూసింది. అది ఎర్రగా, ఒడ్డు అందుకుంటూ పోతోంది. "ఎప్పుడు ఎర్రబడింది?" అని అడిగింది.

"నిన్న నాలుగింటికి వాన మొదలైంది. ఐదు కాకముందే ఎర్రబడింది" అంది చుక్కలత్త.

ఇంజనీరమ్మ అది కూడా రాసుకుంది. తడిసిన చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని, "అత్తా, ఆ డ్రాయింగు చించేస్తున్నాను" అంది. చుక్కలత్తకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వాన కాబట్టి ఏది ఏదో ఎవరికీ తెలియలేదు.

చించినంత సులువుగా కొత్తది రాలేదు. పైఆఫీసుకి నాలుగు ఉత్తరాలు వెళ్లాయి. పదకొండు పుస్తకాలూ వెళ్లి, ఎర్ర సీళ్లు వేయించుకుని తిరిగొచ్చాయి. చివరికి గొట్టాలకి బదులు పన్నెండు మీటర్ల వంతెన కట్టారు. గొట్టాల్ని తీసుకుపోవడానికి లారీ మళ్లీ రాలేదు. అవి ఒడ్డునే ఉండిపోయి మేకలకి ఇళ్లయ్యాయి.

"వంతెన ఒక్కటే ఎంతని మోస్తుంది? మన వాటా మనం తగ్గించుకోవద్దా?" అని ఆమె మొగుడి వెంటబడింది. ఈసారి మేకల మాట ఎత్తనివ్వలేదు. ఆయన సణుక్కుంటూనే నాలుగు మళ్లలోనూ సాళ్లు వాలుకి అడ్డంగా తీశాడు. నడుం పట్టుకుని మూలుగుతుంటే చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. వాన కురిశాక వాళ్ల మళ్లలో మట్టి వాగుపాలైంది, ఈయన మళ్లలో నిలిచింది. మరుసటేడు నవ్వినవాళ్లే వచ్చి కొలతలు అడిగి తీసుకెళ్లారు.

వంతెన కట్టిన రెండో వానాకాలంలో వచ్చింది అసలు వాన. పొద్దున మొదలై మధ్యాహ్నానికి లోకం కనబడకుండా చేసింది. పదమూడు ఇళ్ల వాళ్లూ ఎగువ గట్టు మీద చేరారు. వాగు ఒడ్డులు దాటి ఉరికింది. దున్నపోతంత బండలు దొర్లుకుంటూ వచ్చి వంతెన కింద నుంచి అవతలికి పోయాయి. వేళ్లతో సహా ఊడిన ఒక మహావృక్షం అడ్డంగా వచ్చింది. కూతురు తల్లి భుజం గట్టిగా పట్టుకుంది. చెట్టు కొమ్మ ఒకటి వంతెన గోడకి తగిలింది, చెట్టు గుండ్రంగా తిరిగింది, తల ముందుకి పెట్టి కింద నుంచి దూసుకుపోయింది. గట్టు మీద లేచిన కేక వాన హోరుని మించిపోయింది. వంతెన దూలానికీ నీళ్లకీ మధ్య ఇంకా మూరెడు జాగా ఉంది. పదమూడు ఇళ్లలో ఒక్క గడప తడవలేదు.

మర్నాడు ఎనిమిదింటికి ఆమె కొలిచింది, పడమటి గేజి చూడడమే ఇప్పుడామె ఉద్యోగం. పదమూడు పాత్రలు నిండి, ఆ పైన నాలుగు గీతలు. రెండువందల అరవై నాలుగు.

ఆ ఏడు చివర ఇంజనీరమ్మ పైఆఫీసు వాళ్లు అచ్చువేసిన వానల పుస్తకం పట్టుకుని కనుమ దాటి స్వయంగా వచ్చింది. తూర్పు గేజి ఇప్పుడు పెద్ద గుమాస్తా కొలుస్తున్నాడట. మోకాళ్లు బాగానే వంగుతున్నాయట. అరుగు మీద కూర్చుని ఆమె ఒక పేజీ తెరిచి చూపించింది. ఎప్పుడూ ఒక్క వరసే ఉండే చోట రెండు వరసలున్నాయి. రెండోదాని ముందు 'పడమటి వాలు' అని ఉంది. కొలిచినవారు అనే గడిలో చుక్కలత్త అసలు పేరు అచ్చయి ఉంది. ఊళ్లో సగం మందికి ఆమెకి ఇంకో పేరుందని ఆ రోజే తెలిసింది.

చుక్కలత్త ఆ పేరు వంక చూసుకుంటూ ఉండిపోయింది. మొగుడు మాత్రం పుస్తకం లాక్కుని, ఆ రెండువందల అరవై నాలుగు మీద వేలు పెట్టాడు. అంకె మీద తడి ఉందేమో అన్నట్టు వేలు ఎత్తి చూసుకున్నాడు.

"ఏమే," అన్నాడు, "ఇన్నాళ్లకి మీ పుస్తకంలో మనవైపు వాన పడిందే!"