పసుపు పూసిన సర్వే రాయి

నా చిన్నప్పుడు నాకు ఏడో తరగతి మీద ఎంత ప్రేమంటే, ఒక ఏడాదితో తనివి తీరక రెండో ఏడు కూడా అందులోనే కూర్చున్నాను. మూడో ఏడూ కూర్చునేవాణ్ణే గానీ బెంచీ చిన్నదైపోయింది. మోకాళ్లు పట్టక, నన్ను నేనే బడి నుంచి విడుదల చేసుకున్నాను. ఆ రోజు మా సార్ల కళ్లలో నీళ్లు తిరిగాయని అందరికీ చెప్పుకుంటాను. ఎందుకు తిరిగాయో మాత్రం చెప్పను.

అవి తొంభైల చివరి రోజులు. మా ఊరు శేరిలింగంపల్లికి అవతల, నల్లగండ్ల పోయే దారిలో ఉండేది. ఇప్పుడు చెబితే నమ్మరు గానీ, అప్పుడక్కడ మనుషుల కంటే బండలే ఎక్కువ. ఒకదాని మీద ఒకటి, ఎవరో పెద్ద పిల్లవాడు ఆడుకుంటూ మధ్యలో లేచిపోయినట్టు నిలబడి ఉండేవి. వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. తూర్పున, దూరంగా, గుండ్రటి అద్దాల మేడ ఒకటి లేస్తూ ఉండేది. మధ్యాహ్నం అటువైపు రాళ్లు పేల్చినప్పుడు లేచిన దుమ్ము గాలిలో తేలుతూ మా దాకా వచ్చేది. ఎండ అందులో చిక్కుకుని, పొద్దు ఎటుందో తెలియని పచ్చటి వెలుగొకటి ఊరంతా నిండేది. ఆ కాలం తలచుకుంటే నాకు ముందు ఆ వెలుగే కనబడుతుంది. మనుషులు తరువాత, మెల్లగా, అందులోంచి నడిచి వస్తారు.

అందరికంటే ముందు వచ్చేది మా కిరాయి తాత. మా ఇంటి ముందరి గదిలో కిరాయికి ఉండేవాడు కాబట్టి ఆ పేరు. అనంతపురం వైపు మనిషి. ఎండలోనూ నీడలోనూ నల్ల గొడుగు, కాళ్లకు టైరు చెప్పులు. రాగి సంగటి తానే కెలుక్కునేవాడు. ఎక్కడో గుమస్తాగిరీ చేసి దిగిపోయాడని ఊళ్లో అనుకునేవాళ్లు. ఆయనకొచ్చే ఉత్తరాల మీది స్టాంపులు చించుకునే హక్కు నాది గనక, వాటిలో ఒక్కటీ మన దేశానిది కాదని నాకు మాత్రం తెలుసు.

దేశాలు ఎందుకు బీదవవుతాయన్నది ఆయన చదివిన చదువు. సముద్రాల అవతల చదివి, దేశాలకు అప్పులిచ్చే పెద్ద ఆఫీసుల్లో చేసి, వాళ్లతో కొట్లాడి బయటికొచ్చి, పుస్తకాలు రాసి, ఆ పుస్తకాల పుణ్యాన తరువాత దొరికిన కొలువులూ పోగొట్టుకున్న మనిషి. "నేను చదవక చెడ్డ, నువ్వు చదివి చెడ్డవ్. ఇద్దరం ఒక్కకాడికే వచ్చినం గద తాతా" అంటే, గొడుగు మడిచి నా నెత్తిన మెత్తగా ఒకటి వేసేవాడు.

ఆయన చెప్పేవాటిలో నాకు సగం కూడా ఎక్కేది కాదు. ఒక్క మాట మాత్రం గుర్తుండిపోయింది. "బీదోళ్లు వెనకబడినారు అంటారప్పా, అదొక పెద్ద అబద్ధం. వెనకబడడమంటే బస్సు తప్పిపోవడం. వీళ్లకు తప్పిపోలేదు. ఆ బస్సుకు రోడ్డు వేసింది వీళ్ల చేలోనే." నాకు అప్పటికి బస్సు వరకే అర్థమైంది.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పడుతుండగా రోడ్డు మా గుట్ట మీదికే వచ్చింది. రోడ్డంటే ఇంకా రోడ్డు కాదు. ఇనుప గొలుసు పట్టుకున్న నలుగురు మనుషులు, ఒక సర్వేయర్ సారు, పొడుగునా సున్నం గీత, దాని మీద అక్కడక్కడ పాతిన రాళ్లు. ఆ అద్దాల మేడకు అడ్డదారి వేస్తారట. గీత సరిగ్గా సీతాఫలం చెట్ల మధ్య నుంచి పోయింది.

ఆ చెట్లు పట్టాలో ఎవరివీ కావు. పనిలో మా నాయనమ్మవి. కాయ కన్ను విచ్చే వేళకు ఆమె గుట్టెక్కి, ఏది ఈ రోజు, ఏది ఎల్లుండి అని వేలితో తడిమి చూసి తెంపి, గంప నెత్తికెత్తుకుని లింగంపల్లి స్టేషన్ దగ్గర కూర్చునేది. మా ఇల్లు నడిచేది ఆ రెండు నెలల మీదే. గీత పడిన సాయంత్రం ఆమె గుట్టెక్కి, ఇంకా కన్ను విచ్చని కాయలను ఒక్కొక్కటే ముట్టుకుంటూ తిరిగింది. జ్వరమొచ్చిన పిల్లల నుదురు ముట్టుకున్నట్టు. అది చూసి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారక ముందే లేచాను. మంచు గుట్టను సగం దాకా మింగి ఉంది. వంటింట్లో పసుపు డబ్బా తీసుకుపోయి, చెట్లు మొదలయ్యే చోట నాటిన సర్వే రాయికి నిండా పూశాను. కుంకుమ బొట్లు పెట్టాను. రెండు వేపమండలు ఆనించాను. దూరం నుంచి చూస్తే నాకే దండం పెట్టబుద్ధయింది.

నేను నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. చెప్పే పనే పడలేదు. బర్రెలు తోలుకుపోతున్న పక్కింటి పెద్దమ్మ ఆగి చెంపలు వేసుకుంది. మర్నాటికి నిమ్మకాయల దండ, మూడో నాటికి కొబ్బరికాయ. ఆదివారానికి డప్పు మోగింది. మా నాయనమ్మ కూడా బోనం ఎత్తుకుని గుట్టెక్కింది. 

గొలుసు పట్టేవాళ్లు ఆ రాయిని ముట్టేది లేదన్నారు. సర్వేయర్ సారు చెప్పులు విడిచి దండం పెట్టి, గీతను అరవై గజాలు కిందికి జరిపించి పోయాడు.

ఇంత పెద్ద గెలుపును కడుపులో దాచుకోవడం నా వల్ల కాలేదు. కిరాయి తాత దగ్గరికి పోయి అంతా చెప్పేశాను. "ఇన్ని పుస్తకాలు రాసినవ్, ఒక్క రోడ్డన్న ఆపినవా తాతా? నేను గింత పసుపుతోని ఆపిన."

ఆయన నవ్వాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వాడు. నవ్వు ఆగాక, "ఆపినావా, పక్కకు జరిపినావా?" అన్నాడు.

"రెండూ ఒకటే గద."

"అట్లనా? ఐతే పందెం. ఆ కొత్త గీత మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నడువు. పాదం గీత దాటకూడదు. గెలిస్తే ఈ నెల కవర్లు కూడా నీవే."

ఇంత సులువైన పందెం నాకు బడిలో ఎవరైనా కట్టి ఉంటే పది పాసయ్యేవాణ్ణి. తల వంచుకుని మొదలుపెట్టాను. పాదం ముందు పాదం. ఆయన వెనక గొడుగుతో. తెల్లటి గీత తప్ప నాకు ఇంకేమీ కనబడలేదు. గడ్డి వచ్చింది, ముళ్లు వచ్చాయి, గులకరాళ్లు వచ్చాయి, అన్నీ ఆ గీతకు రెండు పక్కలా కలలోలా జారిపోతున్నాయి. గీత ఒక్కటే నిజం. కొంత దూరం పోయాక కింద నేల నున్నగా మారింది. ఎవరో అలికినట్టుంది, ముగ్గు చుక్కలు కూడా ఉన్నాయి. నేను ఆగలేదు. పందెం కదా. తరువాతి అడుగులో కాలికి వేడి తగిలింది. కుండ దొర్లి పగిలింది. గంజి నా పాదాల మీదుగా పారింది.

"కండ్లు ఏడ వెట్టుకుని నడుస్తున్నవ్‌రా? అన్నం కుండ తంతవా?"

తలెత్తాను. నా ఈడు పిల్ల, చేతిలో గంటె. చుట్టూ నీలం ప్లాస్టిక్ కవర్లు కప్పిన గుడిసెలు, పది పన్నెండు ఉంటాయి. పాలమూరు నుంచి వచ్చి, ఆ అద్దాల మేడకు రాళ్లు కొట్టేవాళ్లవి. నేను నిలబడింది వాళ్ల పొయ్యిలో. సున్నం గీత పొయ్యి మీదుగా పోయి, గుడిసెలోకి దూరి, అవతల బయటికొచ్చి, ఏమీ జరగనట్టు సాగిపోయింది.

గుడిసె ముందు ఆ పిల్ల తల్లి నడుముకు చెయ్యి ఆనించుకుని కూర్చుని ఉంది. నెలలు నిండిన మనిషి. కుండ పోయినందుకు ఆమె నన్ను తిట్టలేదు. "పోనీ బిడ్డా, ఎట్లైన దసరాలోపట పొమ్మన్నరు. మొన్నటిదాంక గీత పైననే ఉండె. ఆడ అమ్మవారు వెలిసిందంట, మా మీదికి వచ్చింది. అమ్మకు మా మీద ఏం కోపమో" అంది. ఎక్కడికి పోతారని తాత అడిగితే, కాన్పు అయ్యేదాకా ఎవరైనా ఉండనిస్తే చాలని, ఎవరూ ఉండనిస్తలేరని చెప్పింది.

నేను వంగి కుండ పెంకులు ఏరడం మొదలుపెట్టాను. 

తిరిగి వస్తూ తాత ఒక బండ మీద కూలబడ్డాడు. దుమ్ము వెలుగు దిగుతోంది. ఆ వెలుగులోకే చూస్తూ, నాకు చెబుతున్నట్టు కాకుండా చెప్పాడు. ముప్పై ఏళ్ల వయసులో, పేరు కూడా పలకరాని ఒక దేశంలో, ఆనకట్టకు చోటు చూపించే పని ఆయనకిచ్చారట. ముందర పటం, చేతిలో పెన్సిలు. పటంలో ఒకచోట ఏమీ లేదు, తెల్లగా ఉంది. అక్కడే గీశాడు. అందరూ మెచ్చుకున్నారు. నీళ్లు నిండిన రోజున మొదటిసారి ఆ చోటికి పోతే, ఎదురు గుట్ట నిండా మనుషులు. కుండలతో, కోళ్లతో, నీటి వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. ఒక ముసలామె ఆయన దగ్గరికొచ్చి, తన ఇల్లు ఎక్కడుండేదో నీళ్లలోకి వేలు పెట్టి చూపించిందట. తిట్టలేదు, ఏడవలేదు, ఉత్తగా చూపించిందట.

"నేను రాసిన పుస్తకాలన్నీ ఆ వేలి గురించేనప్పా" అన్నాడు.

నేను, "మరి ఇప్పుడేం జేద్దాం తాతా?" అన్నాను.

"నన్ను అడుగుతావేంది? నేను ముంచినోణ్ణి. పోయి వాళ్లనడుగు."

మర్నాడు పొద్దున్నే ఒక కొత్త కుండ పట్టుకుని పోయాను. ఆ పిల్ల కుండ తీసుకుంది, నా మొహం చూడలేదు. తల్లి ముందు కూర్చుని, అమ్మవారిని నిలబెట్టింది నేనేనని చెప్పేశాను. ఆమె, ఏదో ఇంటి పని సంగతి చెప్పినంత మామూలుగా, గుట్ట పైన పరుపుబండ ఉంది కదా, దాని మీదుగా పోతే చెట్టూ పోదు, గుడిసే పోదు అంది. అది గట్టి రాయి, పగలదని సార్లు భయపడుతున్నారట. "గట్టిది గాదు. కట్టెకున్నట్టే రాయికి గూడ వాటం ఉంటది. వాటం జూసి కొడితే రొట్టె లెక్క లేస్తది."

"మరి సార్లకు చెప్పలేదా?"

"మమ్మల్ని అడిగిందెవరు?"

చిక్కొకటే. ఆ బండ మీదికి ఎక్కే దారిలో సరిగ్గా నా అమ్మవారు ఉంది. ఆమె కదిలితే తప్ప రోడ్డు కదలదు. ఆమె కదలాలంటే మా నాయనమ్మకు నిజం చెప్పాలి. బోనం ఎత్తిన నాయనమ్మకు.

చెప్పాను. గుడిసెల సంగతీ, ఆ పిల్ల తల్లి సంగతీ చెప్పాను. నాయనమ్మ బియ్యం చెరుగుతోంది, చేట ఆపలేదు. "పసుపు డబ్బా ఎట్ల ఖాళీ అయిందో నాకు ఎరుక లేదనుకున్నవా? నీ గోర్లల్ల నాలుగు దినాలు పసుపే ఉండె" అంది.

"ఎరుకుండి బోనమెట్ల ఎత్తినవే?"

"చెట్లు పోకుండ బచాయించినందుకు ఎత్తిన. మొక్కితే ఏ రాయైన అమ్మనే." చేట పక్కన పెట్టింది. "ఆ పిల్ల తల్లికి ఎన్నో నెలరా?"

"నిండినయంట."

ఆమె కొంగు దోపుకుని లేచింది. అమ్మకు ఎండ తగులుతోందని, చెట్ల నీడకు రావాలని అడుగుతోందని వాడంతా చెప్పి వచ్చింది. నా పేరు ఎక్కడా రానివ్వలేదు. రాయి మోసే పని మాత్రం నాకే పెట్టింది. డప్పు ముందర, ఆడవాళ్లు వెనక, మధ్యలో నెత్తిన ఆ రాయితో నేను. పెకిలిస్తే తెలిసింది, సర్వే రాయి భూమిలోపలే ఎక్కువ ఉంటుందని. నా మెడ ఇప్పటికీ కొంచెం ఎడమకు వంగి ఉంటుందని మా ఆవిడ అంటుంది.

తాత ఇంగ్లీషులో నాలుగు పేజీల అర్జీ రాశాడు. సర్వేయర్ సారు అది మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన మనసు మార్చింది అర్జీ కాదు. ఆ పిల్ల తండ్రి పరుపుబండ మీద చెవి ఆనించి, సుత్తితో తట్టి విని, వరుసగా చిన్న గుంటలు తీసి ఇనుప మేకులు దిగ్గొట్టాడు. ఒక్కో మేకు మీద ఒక్కో దెబ్బ, తొందర లేకుండా. బండ లోపల ఎక్కడో ఒక నిట్టూర్పు వినబడింది. అంతే, ఈ చివర నుంచి ఆ చివరకు, దారం లాగినట్టు చీలిపోయింది. సారు ఆ చీలికలో వేలు పెట్టి చూసి, కాయితాలు మళ్లీ తెప్పించుకుని, గీతను బండ మీదికి మార్చాడు.

దసరా గుడిసెల్లోనే జరిగింది. కాన్పు కూడా అక్కడే అయింది, మా నాయనమ్మ చేతుల మీద. "గెలిచినం గద తాతా" అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఒక కాన్పుకు సరిపోయేంత టైం దొరికిందప్పా. అది చిన్నదేం కాదులే." ఆయన అన్నదే నిజమైంది. నాలుగైదేళ్లకు బండా లేదు, చెట్లూ లేవు, గుడిసెలూ లేవు. అంతకు ముందే తాత తన ఊరికి వెళ్లిపోయాడు. పోతూ పోతూ స్టాంపులన్నీ నాకే ఇచ్చాడు. పందెం ఓడినవాడికి ఎందుకిచ్చాడో చెప్పలేదు.

ఇప్పుడు నేను ఆ రోడ్ల కిందే నీళ్ల పైపులు వేయిస్తుంటాను. తవ్వకానికి ముందు సున్నంతో గీత గీసేది నేనే. గీసేముందు ఆ పక్కన బండి పెట్టుకునే ఆమెను, ఊడ్చే ఆమెను, వాచ్‌మన్‌ను ఒక మాట అడుగుతాను. ఆలస్యమవుతోందని ఇంజనీర్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. వాళ్లెవరూ అన్నం కుండలో కాలు పెట్టి ఉండరు.

ఇది మంచితనమని ఎవరైనా మెచ్చుకోబోతే నాకు ఆ పిల్లే గుర్తొస్తుంది. పసివాణ్ణి తొట్టెలో వేసిన రోజు, గుడిసెల వాళ్లంతా నన్ను పొగుడుతుంటే ఆగలేక, ఆమె దగ్గరికి పోయి, మీ గుడిసెలు కాపాడింది నేనే కదా, మీ తమ్ముడికి నా పేరే పెట్టుకోండి అన్నాను. తొట్టె ఊపుతూనే, తల కూడా ఎత్తకుండా అంది:

"కాపాడిందేంది? చెప్పింది మా అమ్మ, పగలగొట్టింది మా నాయన. నువ్వు అడిగినవ్, గంతే. అది గూడ కుండ తన్నినంక."