గుమ్మంలో నిలబడి అడిగే కాఫీ

ఎర్సీలియాకు కోపం ముక్కు మీదే ఉంటుందని నేపుల్స్‌లో మేళగాళ్లందరికీ తెలుసు. ముప్పై ఏళ్లు పెళ్లిళ్లలో పాడిన మనిషి. పెళ్లికొడుకు తాగి వాగితే పాట ఆపి, వాణ్ణి కడిగి పారేసి, ఆపిన చరణం దగ్గరే మళ్లీ అందుకునేది. ఇప్పుడు గొంతు బొంగురు పోయింది గానీ కోపం చెక్కుచెదరలేదు.

పెళ్లిళ్లకు మేళాలు కుదిరేది గలేరియాలో, గాజు కప్పు వేసిన ఆ పాత బజారులోనే. సోమవారం పొద్దున వాయిద్యగాళ్లంతా దాని నడిమి గాజు గోపురం కింద చేరతారు. పెళ్లిళ్లకు మేళం కుదిర్చే బేరగాళ్లు వచ్చి ఏరుకుంటారు. ఆకలి మొహం కనబడిందా, ఎవడూ పిలవడు. అందుకే మూలనున్న కాఫీ కొట్టులో ఓ పద్ధతి పుట్టింది. ఉన్నవాళ్లు ఒకటి తాగి రెండింటికి కడతారు. ఆ రెండోది ఆపిన కాఫీ. లేనివాడు గుమ్మంలో నిలబడి, "ఆపిన కాఫీ ఉందా?" అంటాడు. పేరు అడగరు, ఎవరు కట్టారో చెప్పరు. తాగినవాడు మూతి తుడుచుకుని, దర్జాగా వచ్చి బేరగాడి ముందు నిలబడతాడు.

ఎర్సీలియా ఎన్నడూ అడగలేదు. ఎంత కటకటలోనూ నోరు రాలేదు. పాట మానేశాక కూడా ప్రతి సోమవారం వచ్చి రెండింటికి కట్టిపోతుంది.

ఆ సోమవారం వచ్చేసరికి సబతీనో స్తంభం చాటున అకార్డియన్ పెట్టె మీద కూలబడి ఉన్నాడు. ఆమె పాడిన ప్రతి పెళ్లిలోనూ పక్కన వాయించినవాడు.

"ఏరా, కాఫీ తాగావా?"

"ఆ, తాగా."

"కాఫీయా, విషమా? ఆ మొహమేంటి? చెప్పి చావు."

సబతీనో తల ఎత్తలేదు. "మొట్టమొదటిసారి ఆపిన కాఫీ అడిగా, ఎర్సీలియా. కొట్టువాడు లేదు పొమ్మన్నాడు. 'పక్కకి జరుగు తాతా, వీళ్ల ఫొటోకి అడ్డం' అన్నాడు. అందరూ చూశారు. ఇంక నేనీ ఛాయలకి రాను."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. విసవిసా కొట్టులోకి వెళ్లింది. బల్ల మీద మూరెడెత్తు గాజు జాడీ, దాని నిండా ఆపిన కాఫీల చీటీలు. ఓడ దిగిన యాత్రికులు తలా ఒకటి కొనడం, జాడీలో వేయడం, పక్కన నిలబడి ఫొటో దిగడం. కిందటేడు కొట్టు కొన్న లాన్‌ఫ్రాంకో వాళ్లకు పళ్లికిలిస్తున్నాడు.

"జాడీ నిండా ఉంటే లేదంటావేం?"

"అవి అలంకారానికి, ఎర్సీలియాగారూ. ఇచ్చుకుంటూ పోతే జాడీ ఖాళీ అయిపోదూ?"

"నేను ప్రతి సోమవారం కట్టింది నీ అలంకారానికా? సొమ్మొకడిది, సోకొకడిదీనా?"

"అబ్బా, కేకలెందుకు! పిలవండి ఆ తాతని. నా తరఫున ఉచితంగా పోస్తా, సరేనా?"

"నీ దానం ఎవడిక్కావాలిరా? ఆయన అడిగింది నీది కాదు!"

గిర్రున తిరిగి బయటికి నడిచింది. పోతోందని లాన్‌ఫ్రాంకో ఊపిరి పీల్చుకున్నాడు. ఎర్సీలియా గుమ్మంలో ఆగింది. ఇటు తిరిగింది. ఆ మాట ఇప్పటిదాకా అన్నది కాదు. సిగ్గేసింది, ఆ సిగ్గుకు ఇంకా ఒళ్లు మండింది. పెళ్లి పందిట్లో పాట ఎత్తుకునేటప్పటిలా గుండెలనిండా గాలి తీసుకుంది.

"ఆపిన కాఫీ ఉందా?"

బొంగురు గొంతే గానీ గోపురందాకా పోయి తిరిగొచ్చింది. గలేరియాలో నడిచేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. గోపురం కింది వాయిద్యగాళ్లు ఇటు చూశారు. ఎర్సీలియాయే అడిగింది! ముందు ట్రంపెట్ మనిషి కదిలి ఆమె వెనక నిలబడ్డాడు. తర్వాత డోలు మనిషి. జేబులో డబ్బున్నవాళ్లూ వచ్చి వరసలో చేరారు. యాత్రికుల ఫోన్లన్నీ జాడీ వదిలేసి లాన్‌ఫ్రాంకో మొహం మీదికి తిరిగాయి.

అతను జాడీలో చెయ్యి పెట్టాడు. ఒక చీటీ తీసి చించాడు. యంత్రం బుస్సుమంది.

ఎర్సీలియా కప్పు అందుకుని, నిలబడే తాగింది. అంత చేదు ఆమె ఎన్నడూ తాగలేదు. మూతి తుడుచుకుని స్తంభం వైపు తిరిగింది.

"ఏరా సబతీనో, నేనడిగాగా! ఇంకా నీకేం సిగ్గురా? లేచి రా!"

సబతీనో పెట్టె భుజానికెత్తుకుని వచ్చి, వరసలో ఆఖరున నిలబడ్డాడు.