ఫజెట్ బడిలో శుక్రవారం గంట

సొరీనా తండ్రి రంపపు మిల్లులో దుంగలు కోస్తాడు, తల్లి ఆవుల్ని చూసుకుంటుంది. ఫజెట్ కొండల్లో ఎవరి ఫోను మొరాయించినా, ఎవరి టీవీలో బొమ్మ రాకపోయినా పదేళ్ళ వయసు నుంచీ ఆ పిల్ల దగ్గరికే తెచ్చేవాళ్ళు. బాగుచేసి ఇస్తే గిన్నెడు మీగడో, నాలుగు గుడ్లో చేతిలో పెట్టేవాళ్ళు. టీచరు ట్రైనింగులో మూడో ఏడాది, ప్రాక్టీసుకి ఏ బడి కావాలని కాలేజీవాళ్ళు అడిగితే ఆమె తన ఊరి బడి పేరే చెప్పింది. ఆ బడికి ఇంకెవరూ పోటీ రాలేదు. బస్సు కొండ కిందే ఆగిపోతుంది మరి.

బడి అంటే ఒకటే గది. పదమూడు మంది పిల్లలు, నాలుగు తరగతులు, ఒక్క టీచరు. కిటికీ పక్క వరుస ఒకటో తరగతి, కట్టెల పొయ్యి పక్క వరుస నాలుగో తరగతి, మిగతా రెండూ మధ్యలో. సవేతా టీచరు ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ గదిని అలాగే నడుపుతోంది. ఒక వరుసకి గొంతెత్తి పాఠం చెబుతుంటే తక్కిన మూడు వరుసలు తలలు వంచి రాసుకోవాలి. రాసుకోవాలన్నది రూలు. పిల్లలు రూలుని ఎంత పట్టించుకుంటారో ఆమెకి తెలియక కాదు.

శుక్రవారం మాత్రం ఆమెకో పద్ధతి ఉండేది. ఇంటికి వెళ్ళే ముందు, ఆ వారం నాలుగో తరగతికి చెప్పిన పాఠంలోంచి ఒక ప్రశ్న తీసేది. దాన్ని నాలుగో తరగతిని అడిగేది కాదు, కింది వరుసల్ని అడిగేది. ఎవరు చెబితే వాళ్ళు బల్లమీది ఇత్తడి గంట తీసుకుని గుమ్మంలోకి వెళ్ళి కొట్టాలి. లోయ అవతల గొర్రెలు కాసేవాళ్ళకి కూడా వినపడేది ఆ గంట. ఈ వారం ఎవరు కొట్టారని రాత్రి భోజనాల దగ్గర ప్రతి ఇంట్లోనూ అడిగేవాళ్ళు.

సొరీనా కూడా ఆ గదిలోనే చదువుకుంది. పెద్దయ్యాక ఆమెకి గుర్తున్నదల్లా గోల. ఇటు అక్షరాలు, అటు భాగహారం, మధ్యలో ఎవరో ఏడుపు. ఆ గోల లేని తరగతి ఒకటి నడపాలని ఆమె కోరిక. అసలు ఆ కుర్చీయే కావాలని అంతకంటే పెద్ద కోరిక. జూన్‌లో సవేతా టీచరు రిటైరవుతుంది. మే నెలలో కాలేజీ నుంచి వచ్చి చూసే ఆఖరి పాఠంలో పదికి తొమ్మిదైనా రాకపోతే కుర్చీ ఇంకెవరికో పోతుంది, సొరీనా ఏ పట్నపు బడిలోనో ఇంకొకరి కింద పనిచేయాల్సి వస్తుంది.

జనవరిలో ఒకరోజు బీరువా సర్దుతుంటే అడుగున రెండు పెట్టెలు కనిపించాయి. నిండా ట్యాబులు, హెడ్‌ఫోన్లు. పైనున్న ప్లాస్టిక్ కూడా ఊడలేదు.

"ఇవెప్పటివి టీచర్?"

"మహమ్మారి వచ్చి బళ్ళు మూసేసిన రోజుల్లో పంపారు. పగిలితే బాధ్యత నాదేనని సంతకం చేయించుకున్నారు. ఇంకెవరు ముట్టుకోనిస్తారే?"

"వీటితో నాలుగు వరుసలకీ ఒక్కసారే పాఠం చెప్పొచ్చు."

"నీకు నాలుగు నోళ్ళున్నాయా?"

"ఒకటే. నాలుగుసార్లు రికార్డు చేస్తాను."

సవేతా టీచరు ఆమెను ఎగాదిగా చూసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టి పొయ్యిలో కట్టె ఎగదోయడానికి వెళ్ళిపోయింది.

సొరీనా రోజూ సాయంత్రం వంటింట్లో తలుపేసుకుని రికార్డు చేసేది. ఒక్కో తరగతికి ఒక్కో పాఠం, బొమ్మలు తనే గీసి పెట్టేది. మూడో తరగతి వ్యాకరణంలో సరిగ్గా విశేషణం దగ్గర ఆవు అరిచింది. తీసేయడానికి ఓపిక లేక వదిలేసింది. తరవాత పిల్లలు ఆ ఆవు కోసమే పాఠం మళ్ళీ మళ్ళీ పెట్టుకున్నారు. మూడో తరగతిలో విశేషణం రానివాడు ఒక్కడూ మిగల్లేదు.

ఫిబ్రవరి చివర్లో పదమూడు మందీ హెడ్‌ఫోన్లు తగిలించుకున్న మొదటి రోజు గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేలా అయింది. ఎవరి పాఠం వాళ్ళకి, ఎవరి వేగం వాళ్ళది. సొరీనా వరుసల మధ్య తిరిగి, తడబడ్డవాళ్ళ పక్కన కూర్చుంది. నాలుగో తరగతి గవ్రిల్ ఒకటికి రెండుసార్లు చెబితే గాని అర్థం కాని పిల్లవాడు. పదిమందిలో మళ్ళీ అడగడానికి సిగ్గుపడి మూడేళ్ళు నెట్టుకొచ్చాడు. ఇప్పుడు ట్యాబులో ఒకే పాఠం ఐదుసార్లు విని, భాగహారం తప్పు లేకుండా చేసి చూపించాడు. మంచిని మంచి అని చెప్పుకోవాలి.

సవేతా టీచరుకి ఏ పనీ లేకుండా పోయింది. పొయ్యి దగ్గర కుర్చీ వేసుకుని మేజోళ్ళు అల్లుకుంటూ కూర్చుంది.

"నా చెవులు పోయాయేమో అనుకున్నానే" అంది.

"బాగుంది కదా టీచర్?"

"ప్రశాంతంగా ఉంది" అంది ఆమె. బాగుందని మాత్రం అనలేదు.

ఆ శుక్రవారం ప్రశ్నకి కింది వరుసలు నోరు మెదపలేదు. తరవాతి శుక్రవారమూ అంతే. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు, సవేతా టీచరు లేచి తనే గంట కొట్టి వచ్చింది. ప్రశ్నలు కష్టమైనవి అడుగుతోందని సొరీనా మనసులో విసుక్కుంది. తన పద్ధతి గిట్టక పెద్దావిడ ఇలా సాధిస్తోందేమోనని కూడా అనుకుంది. ఏప్రిల్ మొదట్లో, వరసగా ఆరో శుక్రవారం కూడా గంట సవేతా టీచరే కొట్టేసరికి ఆమెకి మనసాగలేదు. చలికాలంలో రెండుసార్లు గంట కొట్టిన ఒకటో తరగతి పిల్ల అనూత్సాను పక్కకి పిలిచింది.

"ఏమే, క్రిస్మస్ ముందు చకచకా చెప్పేదానివి. ఇప్పుడేమొచ్చింది?"

"అప్పుడు నాలుగో తరగతి వాళ్ళ పాఠం వినపడేది టీచర్" అంది అనూత్సా. "ఇప్పుడు వాళ్ళ పాఠం వాళ్ళ చెవుల్లోనే ఉంటోంది."

సొరీనా ఆ రోజు కొండ దిగుతూ దారంతా అదే ఆలోచించింది. ఆ గదిలో ఒకటో తరగతి పిల్ల నాలుగేళ్ళ పాఠాలు ఒకేసారి వింటుంది. సగం అర్థం కాదు, కానీ చెవిలో పడి ఉంటుంది. నాలుగో తరగతికి వచ్చేసరికి కొత్త పాఠం దాదాపు ఉండదు. తను గోల అనుకున్నది అదన్నమాట. మూడు నెలలు వంటింట్లో కూర్చుని, ఎంతో శ్రద్ధగా, ఆ పిల్లల చెవులకి తనే తలుపులు వేసింది. ఆమెకి సిగ్గేసింది.

సోమవారం సవేతా టీచరుని నిలదీసింది.

"మీకిది ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నువ్వు వింటావా? పైగా నీకు మార్కులు రావాలి. గంట సంగతి వాళ్ళ మార్కుల కాగితంలో ఎక్కడా లేదమ్మా."

నిజంగానే లేదు. పాఠ పథకం అప్పటికే కాలేజీకి వెళ్ళి, ముద్రపడి తిరిగొచ్చింది. అందులో ట్యాబులు, హెడ్‌ఫోన్లు, నిమిషాల లెక్కతో సహా ఉన్నాయి. రాసినదానికి భిన్నంగా పాఠం చెబితే మార్కులు కోస్తారు. సొరీనా భయపడింది. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు. రాసింది రాసినట్టే నడిపించింది.

మే నెలలో ఆ ఆఖరి పాఠం చూడ్డానికి కాలేజీ నుంచి తితుస్ గారొచ్చారు. బూట్లకి అంటిన బురద గుమ్మం దగ్గర తుడుచుకుని, వెనక బెంచీలో కూర్చుని, గంటసేపు ఆ నిశ్శబ్దం చూసి ముచ్చటపడిపోయారు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నాలుగు తరగతులు ఇంత బుద్ధిగా ఉండడం చూడలేదన్నారు. ఫోటోలు తీసుకున్నారు. పదికి పది వేశారు.

జూన్‌లో బడి ఆఖరి రోజు కూడా శుక్రవారమే. పిల్లలు పెరటి పూలు చేతులనిండా తెచ్చి సవేతా టీచరు బల్ల కనపడకుండా నింపేశారు. ఆమె పూలు పక్కకి జరిపి, గంట బయటికి తీసి, ఎప్పటిలాగే ప్రశ్న అడిగింది.

"మన అరియేష్ నది వెళ్ళి ఎందులో కలుస్తుంది?"

కింది వరుసల్లో ఉలుకూ పలుకూ లేదు. అనూత్సా పెదవి కొరుక్కుంటూ కిటికీలోంచి బయటికి చూసింది, నది అక్కడెక్కడో ఉందన్నట్టు. గోడ పక్కన నిలబడ్డ సొరీనాకి ఒక్కసారిగా గుర్తొచ్చింది. తనకి ఏడేళ్ళప్పుడు, ఇదే వరుసలో, ఇదే ప్రశ్న. నది కలవడమంటే ఏమిటో తెలియకుండానే 'మురేష్‌లో' అని అరిచింది. గంట బరువుకి రెండు చేతులూ పట్టుకోవాల్సి వచ్చింది. ఆ రోజు ఇంటికి పరిగెత్తుతూ, టీచరునైపోవాలని అనుకుంది. ఆ సంగతే ఇన్నేళ్ళు మరిచిపోయింది.

సవేతా టీచరు గంట తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"నువ్వు కొట్టవే. నీకు జవాబు తెలుసుగా."

సొరీనా గుమ్మంలోకి వెళ్ళి కొట్టింది. ఏడుపొచ్చింది గాని, పిల్లల ముందు బాగుండదని ఆపుకుంది.

సెప్టెంబరులో కుర్చీ ఆమెదైంది, అయితే ఒక్క ఏడాదికే. ఏడాది చివర తితుస్ గారు మళ్ళీ వచ్చి చూసి సంతకం పెడితే ఖాయం, లేకపోతే లేదు. సొరీనా మొదటి రోజే హెడ్‌ఫోన్లు మూటగట్టి బీరువాలో పెట్టింది. ట్యాబులు ఉంచింది. నాలుగో తరగతి పాఠం ట్యాబులో అందరికీ వినపడేలా పెట్టేది, మధ్యలో ఆపి ప్రశ్నలు వేసేది, ఒకటో తరగతి పెన్సిళ్ళు గాల్లో ఆగిపోతే చూడనట్టు ఊరుకునేది. గోల మళ్ళీ మొదలైంది. గవ్రిల్ అయిదో తరగతి కోసం కింది ఊరి బడికి వెళ్ళిపోయాడు; అతనిలా మళ్ళీ మళ్ళీ వినాల్సిన పిల్లలుంటే, వాళ్ళకి మాత్రం ఇంటికి ట్యాబు ఇచ్చి పంపేది.

మే నెలలో కాలేజీ నుంచి కబురొచ్చింది. తితుస్ గారు వస్తున్నారట, వెంట పదిమంది ట్రైనింగు పిల్లలట. 'నిశ్శబ్ద తరగతి' చూపించడానికట. సంతకం కూడా అప్పుడేనట.

పై నుంచి చూడ్డానికి మనుషులొస్తున్నారంటే ఈ కొండల్లో ఏం చేస్తారో సొరీనా కూడా అదే చేసింది. తాతల కాలంలో అధికారి వస్తున్నాడంటే మంద పెద్దదిగా కనపడాలని పక్కూరి ఆవుల్ని కూడా తోలుకొచ్చి కట్టేసేవాళ్ళు. ఆమె హెడ్‌ఫోన్లు బయటికి తీసి దుమ్ము దులిపింది. పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"అందరూ పెట్టుకోండి. నాలుగో తరగతికి తప్ప ఎవరి హెడ్‌ఫోన్లలోనూ ఏ శబ్దమూ రాదు. కుడి చెవి మీది ముక్క కాస్త వెనక్కి జరుపుకోండి. వాళ్ళు వెళ్ళేదాకా కదలొద్దు."

"మరి నాలుగో తరగతి మాటలు వినొచ్చా టీచర్?" అంది అనూత్సా. ఇప్పుడామె రెండో తరగతి.

"చెవులు మీవి. నేనేం చేయగలను" అంది సొరీనా.

తితుస్ గారు శుక్రవారమే వచ్చారు. ట్రైనింగు పిల్లలు గోడకి ఆనుకుని నిలబడి నోట్సు రాసుకున్నారు. పదమూడు తలల మీద హెడ్‌ఫోన్లు. నాలుగో తరగతి పిల్లలు పెద్దగా జవాబులు చెబుతుంటే సొరీనా సరిదిద్దుతోంది, తక్కిన వరుసలు తలెత్తకుండా రాసుకుంటున్నాయి. తితుస్ గారు తన పిల్లలకి నెమ్మదిగా వివరించారు. "చూడండి, పక్క వరుసలో ఏం జరుగుతోందో వీళ్ళకి తెలీదు. దీన్నే ఏకాగ్రత అంటారు."

ఇంటికి వెళ్ళే వేళయింది. పిల్లల చూపులన్నీ బల్లమీది గంట మీద పడ్డాయి. ఒక్క వారం ప్రశ్న అడక్కపోతే కొంపేమీ మునగదు. తనే గంట కొట్టేసి, సంతకం చేయించుకుని, వాళ్ళని బస్సెక్కించి రావచ్చు. ఆమె గంట చేతిలోకి తీసుకుంది కూడా. తీసుకున్నాక దాని బరువు తెలిసింది.

"పన్నెండు ఆపిల్ పళ్ళలో మూడో వంతు ఎన్ని?" అని అడిగింది. "నాలుగో తరగతి చెప్పకూడదు."

ట్రైనింగు పిల్లల కలాలు ఆగిపోయాయి. రెండో వరుసలో అనూత్సా చెయ్యెత్తింది, హెడ్‌ఫోన్లు తలమీద ఉండగానే.

"నాలుగు టీచర్."

తితుస్ గారు లేచి వచ్చారు. ఆ పిల్ల తలమీది హెడ్‌ఫోన్లు తీసి తన చెవికి ఆనించుకున్నారు. కాసేపు విన్నారు. రెండో చెవికి మార్చి మళ్ళీ విన్నారు.

"ఇందులో ఏమీ రావడం లేదేమ్మా?"

అనూత్సా ఆయన్ని జాలిగా చూసింది.

"రాకూడదండీ. వస్తే పాఠం వినపడదు."

గది మొత్తం సొరీనా వైపు తిరిగింది. తితుస్ గారు హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి, జేబులోంచి సంతకం చేయాల్సిన కాగితం తీసి, దాన్ని చాలాసేపు చదివారు. అనూత్సాకి అవన్నీ పట్టలేదు. గంట కోసం రెండు చేతులూ చాపి నిలబడింది. సొరీనా ఇచ్చేసింది.

ఆ పిల్ల గుమ్మంలోకి వెళ్ళి, వారాలకొద్దీ మూగగా గడిపిన నిరుటి వసంతానికి కూడా కలిపి, కొట్టడం మొదలుపెట్టింది. తితుస్ గారు ఏదో అన్నారు. గంట మోతలో అది ఎవరికీ వినపడలేదు. ఆయన మళ్ళీ అనకుండా కలం తెరిచి, కాగితం అడుగున సంతకం చోట ఆనించారు.